వెనక టైరు ఎడమ పక్క

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఒకటే వాదన. సైకిల్ వెనక టైరు బాగుచేయించి నెట్టుకొద్దామా, పీకి పారేసి కొత్తది వేయిద్దామా అని.

నేలకు ఆనే చోట అరిగితే అది అరుగుదల, దానికి నేనూ భయపడను. మా టైరు పక్కన పోయింది. ఎడమ పక్క, రిమ్ముకు కాస్త పైన, చూపుడువేలంత మేర చీలింది. గాలి నిండుగా కొడితే ఆ చీలికలోంచి ట్యూబు నల్లగా ఉబ్బి బయటికి తొంగిచూసేది. పొద్దున్నే తలుపు తీసి ముందు దాని మొహమే చూసేదాన్ని. నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగిందేమోనని వేలు పెట్టి కొలుచుకునేదాన్ని.

దాని మీద మా ఆయన ఒక్కరే వెళ్తే ఇంత గుబులు ఉండేది కాదేమో. వెనక క్యారియర్ మీద మా అమ్మాయి కూర్చునేది. ఆయన బజారులో ఒక టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు. అమ్మాయి బడి ఆ షాపు వెనక వీధిలోనే. మా వైపు నుంచి బస్సు ఉందంటే ఉంది, ఊరంతా చుట్టబెట్టి బడి వదిలే వేళకు చేరుస్తుంది. అందుకని తండ్రీకూతుళ్లు సైకిల్ మీద పోయి సైకిల్ మీదే వచ్చేవాళ్లు. నేను ఇంట్లో కూర్చుని అదే షాపు చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు పెట్టేదాన్ని. సూది చేతిలో ఉన్నా మనసు మాత్రం ఆ వెనక చక్రానికి చుట్టుకుని తిరిగేది.

అమ్మాయిని ఇంట్లో రేడియో అంటాం. కళ్లు తెరిచింది మొదలు నోరు ఆగదు. సైకిల్ ఎక్కితే మరీనూ. "నాన్నా అదిగో లారీ, నాన్నా గొడుగు తాతయ్య అడ్డంగా వస్తున్నాడు, నాన్నా బురదగుంట" అంటూ వీధి చివరిదాకా వినబడేది.

"కొత్తది వేయించండి, మీకు పుణ్యం ఉంటుంది" అన్నాను ఒక సెలవు రోజున.

"కొత్తదెందుకే? పైన గీతలు చూడు, ఇంకా పెళ్లికొడుకులా ఉంది."

"పక్కన పోయిందిగా."

"చొక్కా చంకలో చిరిగితే చొక్కా పారేస్తామా?"

"చొక్కా చిరిగితే చంక కనబడుతుంది. టైరు పగిలితే పిల్ల లారీ కింద కనబడుతుంది."

మంచం మీద నుంచి అత్తయ్య అందుకుంది. "ఆ నోట మంచి మాట పుట్టదు గదా అమ్మాయ్! ఎవరన్నా తుమ్మితే చాలు, ఆస్పత్రిలో మంచం ఖాళీ ఉందేమో కనుక్కునే రకానివి."

అందులో అబద్ధం లేదు. నాది అదే రకం. నిచ్చెన చూస్తే జారిపడిన మనిషి కనబడతాడు, గ్యాసు పొయ్యి చూస్తే మంట పైకప్పుకు ఎగబాకడం కనబడుతుంది. చదివింది ఏడో తరగతే అయినా ఈ విద్యలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరు.

ఆయన చక్రం ఊడదీసి, టైరు విప్పి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె అడిగి తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నారు. కోటు భుజాలకు వాడే మందపాటి నైలాను దారానికి మైనం పట్టించారు. సూది కన్ను వెతుక్కోవడానికి నేను కళ్లజోడు కోసం తడుముకుంటుంటే, చేయి చాచి సూది తీసుకుని ఒక్క పోటుకే దారం ఎక్కించేశారు. ఎన్నేళ్లు వచ్చినా ఆ చూపు మారలేదని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

చీలిక రెండు అంచులూ దగ్గరికి లాగి, అటూ ఇటూ వాలుగా, జడ అల్లినట్టు కుట్టుకుంటూ వచ్చారు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం కొలిచినట్టు ఉంది. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది.

"చూడు. దీన్ని తయారు చేసినవాడు కూడా ఇలా కుట్టలేడు" అన్నారు.

"నాన్నా, ఒక గుండీ కూడా పెట్టు. గాలి పోయినప్పుడు విప్పుకోవచ్చు" అంది రేడియో.

అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. లోపలి వైపు పడిన దారం ముడి ట్యూబును కొరుక్కుతినేసింది. ఒక సాయంత్రం వాళ్లు రావలసిన వేళ దాటిపోయింది. నేను గొడుగు వేసుకుని వీధి చివరికి, అక్కణ్ణుంచి పెద్ద రోడ్డు దాకా వెళ్లి నిలబడ్డాను. ఏ అంబులెన్సు కూసినా అది మా కోసమే అనిపించింది. చివరికి ఇద్దరూ తడిసి ముద్దై, సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చారు. వెనక చక్రం చదునుగా పడిపోయి రిమ్ము నేలకు కొట్టుకుంటోంది. అమ్మాయి ఆయనకు ఎడమ పక్కన, భుజం భుజం రాసుకుంటూ నడుస్తోంది. చలికి అలా అతుక్కుందనుకున్నాను.

మర్నాడు షాపుకు ఆయన నడిచి వెళ్లారు, పిల్ల కూడా వెంట వెళ్లింది. నేను సైకిల్‌ను గాలిబాబాయ్ దగ్గరికి తోసుకుపోయాను. మలుపు దగ్గర సైకిల్ రిపేరు షాపు ఆయనది. అసలు పేరు ఎవరికీ తెలీదు, బాబాయ్ కూడా మర్చిపోయి ఉంటాడు. పిల్లలకు గాలి ఊరికే కొడతాడని ఆ పేరు వచ్చింది. పనికంటే కబుర్లెక్కువని మా అత్తయ్య ఆ పేరుకు ఇంకో అర్థం చెబుతుంది.

బాబాయ్ టైరు విప్పి, వెలుతురుకు పట్టి, నోరు తెరిచాడు.

"ఇదేంటి తల్లీ! టైరుకి కాజా కుట్టావా?"

"నేను కాదు బాబాయ్, మాస్టరుగారు."

"ఓహో. మరి ఇస్త్రీ చేయలేదే?"

నవ్వడం అయ్యాక వేలితో ఆ పక్కంతా తడిమాడు. చీలిక దగ్గరే కాదు, చుట్టూతా. మొహంలో నవ్వు పోయింది.

"ఇది గాజుపెంకు కోసింది కాదు. మేకు కూడా కాదు. రాతికి రాసుకున్నది. చూడు, ఈ పక్కంతా గీరుకుపోయింది. కుడిపక్క చూడు, నున్నగా ఉంది."

"అంటే?"

"ఎడమకి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం తప్పించుకుపోతుంది, వెనకది రోడ్డు పక్క రాతిగట్టుకు గీరుకుంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేస్తారిలాగ. మాస్టరు అలా తొక్కడే. మీ అమ్మాయి గానీ తొక్కుతోందా?"

"దానికి రాదు. నేను నేర్చుకోనివ్వలేదు."

"మరైతే లారీలకు భయపడి గట్టును ఆనుకుని పోతున్నాడేమోలే" అన్నాడు బాబాయ్. నాకు వెంటనే నిజమనిపించింది. భయపడి జరగడం నాకు తెలిసిన సంగతే గనక.

"బాగవుతుందా?"

"అతుకు వేసే దశ దాటిపోయింది. లోపల పాత టైరు ముక్క పెట్టి కొన్నాళ్లు నడిపించొచ్చు. కానీ పిల్లను ఎక్కిస్తారుగా... నా మాట విని కొత్తది వేయించు."

"వేసెయ్యి బాబాయ్" అన్నాను.

బాబాయ్ పైన వేలాడుతున్న టైర్లలోంచి ఒకటి దించుతున్నాడో లేదో, మా ఆయన వచ్చారు. షాపులో కరెంటు పోయిందని తొందరగా వచ్చేశారట. సైకిల్ వాకిట్లో లేకపోయేసరికి నేరుగా ఇక్కడికి వచ్చారు. నన్నూ, విప్పిన టైరునూ, బాబాయ్ చేతిలో కొత్త టైరునూ చూశారు.

"ఎవరడిగారు నిన్ను?" అన్నారు నాతో.

మా పెళ్లయినప్పటి నుంచీ నలుగురిలో ఆయన నా మీద గొంతు లేపింది లేదు.

"మాస్టరూ, పక్కంతా గట్టుకు గీరుకుపోయిందయ్యా..." అని బాబాయ్ మొదలుపెట్టాడు.

"నా టైరు సంగతి నాకు తెలుసు. ముక్క పెట్టి ఇచ్చెయ్యి" అన్నారు ఆయన, కొత్త టైరు బాబాయ్ చేతిలోంచి లాక్కున్నంత పని చేసి. ఆ తర్వాత పక్కకు తిరిగి వెళ్లబోయి, అక్కడే ఉన్న నీళ్ల తొట్టిని తన్నుకున్నారు. పంచర్లు చూసే తొట్టి. ఎంత ఉంటుందో! నీళ్లన్నీ ఆయన కాళ్ల మీద పోయాయి. కోపంలో చూసుకోలేదనుకున్నాం.

ముక్క లోపల పెట్టి బిగించాడు బాబాయ్. దాంతో ఇంకో ముచ్చట మొదలైంది. ముక్క ఉన్న చోట టైరు ఉబ్బెత్తుగా ఉండి, చక్రం తిరిగినప్పుడల్లా సైకిల్ 'దభ్' మని ఎగిరేది. వీధిలో దభ్, దభ్ మంటూ పోతుంటే ఆ శబ్దం నా గుండెలో నుంచే వస్తున్నట్టు ఉండేది. ఆయనకు కొత్త టైరు అంటే ఎందుకంత కోపమో నాకు అర్థం కాలేదు. పిసినారి కాదు. పిల్లకు ఏది కావాలన్నా నేను వద్దన్నా తెచ్చే మనిషి. మరి ఇందులోనే ఎందుకీ మొండితనం? ఆ టైరులో నాకు చెప్పని లోపం ఇంకేదో ఉందనీ, అది తండ్రీకూతుళ్లిద్దరికీ తెలుసనీ నాకు గట్టిగా అనిపించింది. టైరు మాట ఎత్తినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

ఒక పొద్దున సన్నగా చినుకులు పడుతుంటే నేను చెప్పులేసుకుని వాకిట్లోకి వచ్చాను.

"ఇవాళ వెనక నేను కూర్చుంటా. అమ్మాయి బస్సులో పోతుంది."

"నీకేం పిచ్చా?" అన్నారు ఆయన.

"టైరు మంచిదేనన్నారుగా. పిల్లను మోసేది నన్ను మోయదా? పగిలితే నా నడుమే విరగనీండి. పిల్లది విరగడం కంటే నయం."

"వద్దమ్మా!" అంది రేడియో. నోరు తెరిస్తే ఆపని పిల్ల, ఆ ఒక్క మాట అని ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది. "నీకు కూర్చోవడం రాదమ్మా. నేను పక్కన పరిగెత్తుతా."

"పరిగెత్తడమేంటే? బడికి ఆలస్యమవుతుంది, ఫో."

"అయితే... దారిలో మాట్లాడుతూ ఉండమ్మా. ఊరికే కూర్చోకు. ఏం కనబడితే అది నాన్నతో చెబుతూ ఉండు."

"వెళ్లవే!" అన్నాను. అత్తయ్య కిటికీలోంచి తల పెట్టి, "ఈ వయసులో షికార్లేమిటర్రా?" అని నవ్వుతోంది.

నేను ఎక్కి కూర్చున్నాను. ఆయన కాసేపు పెడల్ మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయారు. తర్వాత తొక్కారు.

ఇంట్లో నా నోటికి తాళం లేదని అందరూ అంటారు. సైకిల్ మీద మాత్రం పెదవి విప్పలేకపోయాను. ఒక చేత్తో సీటు కింద స్ప్రింగు, ఇంకో చేత్తో ఆయన చొక్కా పట్టుకుని, చక్రం 'దభ్' మన్నప్పుడల్లా కళ్లు మూసుకుంటూ కూర్చున్నాను. రోడ్డు మీద ఎవరున్నారు, ఏం వస్తోంది, నేను చూసింది తక్కువ. టైరు శబ్దమే వింటున్నాను. ఆయన చాలా మెల్లగా తొక్కుతున్నారు. మెడ అటూ ఇటూ తిప్పుతూ, కోడిలాగ. నన్ను భద్రంగా తీసుకెళ్లాలని అనుకున్నాను.

గోడౌన్ల వీధిలోకి తిరిగే మలుపు ఎడమకు. అక్కడ ఒక తోపుడుబండి వస్తోంది. దాని నిండా ఇనుప చువ్వలు, చివర్లు బయటికి పొడుచుకొచ్చి, వాటికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. అంత దూరం నుంచే నేను చూశాను. చూసి, ఊరుకున్నాను. ఇంత బండి ఎవరికైనా కనబడుతుంది గదా.

ఆయన తిరిగారు. నేరుగా దాని మీదికే తిరిగారు.

నేను అరిచాను. ఆయన హ్యాండిల్ గట్టు వైపు లాగారు. వెనక చక్రం గట్టు రాయికి గీరుకుని కీచుమంది. నేను జారి మోకాళ్ల మీద పడ్డాను. చువ్వల చివర ఆయన చొక్కా చేయిని తగులుకుని, చింపి, వెళ్లింది. తోలు తెగలేదు. చొక్కా మాత్రమే.

"ఏం గురూ, కళ్లు నెత్తికెక్కాయా? ఇంత బండి కనబడలా?" అని అరిచాడు బండివాడు.

"టైరు జారింది" అన్నారు ఆయన.

బండివాడు తిట్టుకుంటూ పోయాడు. ఆయన ఒక కాలు నేల మీద మోపి, వెనక్కి తిరక్కుండానే, విసుగ్గా అన్నారు:

"తట్టకుండా ఏం చేస్తున్నావే? ఎడమవైపు ఏదొచ్చినా తట్టమన్నానా?"

అన్నాక ఆయనకే గుర్తొచ్చింది, వెనక కూర్చున్నది అమ్మాయి కాదని.

చినుకులు పడుతూనే ఉన్నాయి. నేను లేచి మోకాళ్ల బురద దులుపుకున్నాను. ఆయన చొక్కా చేయి పట్టుకుని చూశాను. మంచి గుడ్డ, కుట్టుకు నిలుస్తుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"పోయిన చలికాలం నుంచి." హ్యాండిల్ సరిచేసుకుంటూ, "ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుందే. గుడ్డ మీద గీత, సూది, అన్నీ. పక్కలే... గోడ పక్క నుంచి చూసినట్టు ఉంటుంది. ఎడమ మరీ" అన్నారు.

"కొత్త టైరు వేస్తే?"

"దాని పక్క కూడా ఇలాగే పోతుంది. మళ్లీ బాబాయ్ చూస్తాడు. పాతదైతే తప్పంతా టైరుదే అనుకుంటారు" అన్నారు.

అక్కణ్ణుంచి షాపు దాకా నడిచాం. ఇన్నాళ్లూ నేను భయపడనిది ఏమీ మిగల్లేదనుకున్నాను. లారీలకు భయపడ్డాను, వానకు, మేకులకు, కుక్కలకు, నైలాను దారానికి కూడా. ఈ ఒక్కటి నా లెక్కలోకి రాలేదు. నా పిల్లను నేను రోజూ వాకిట్లో నిలబడి ఎక్కించి పంపాను.

ఆ సాయంత్రం రేడియో బడి నుంచి బస్సులో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. నా మోకాళ్లకు కట్టిన గుడ్డ చూసింది, తండ్రి చొక్కా చూసింది.

"నేను చెప్పలేదు నాన్నా. ఒట్టు."

"నాకు తెలుసులే" అన్నారు ఆయన.

"ఎడమైతే ఎడమ భుజం మీద తట్టడం. కుడైతే చెప్పడం" అంది నాతో, పాఠం అప్పజెప్పినట్టు. "మలుపుల దగ్గరే అప్పుడప్పుడు తప్పేది. నేను తొందరగానే తట్టేదాన్నమ్మా, నాన్నే లేటుగా తిప్పేవాడు."

"సరే, పోయి బట్టలు మార్చుకో."

మార్చుకోలేదు. సంచి భుజానికి ఉండగానే నానమ్మ మంచం మీద ఒరిగింది, అలాగే నిద్రపోయింది. ఇంకా వెలుతురు ఉంది, వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. పాలు కాచి లేపితే లేవలేదు. "ఏమైందే దీనికి? జ్వరమా?" అని అత్తయ్య నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదు. చాలాకాలంగా మోసిన బరువేదో దించి పడుకున్నట్టు, నోరు కాస్త తెరుచుకుని, కదలకుండా పడుకుంది. నేను కాళ్ల దగ్గర కూర్చుని దాని బడి చెప్పులు విప్పాను.

కళ్ల డాక్టరమ్మ ఆయన గడ్డాన్ని ఒక యంత్రానికి ఆనించి చాలాసేపు చూసింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి పక్కచూపు తినేసిందంది.

"మళ్లీ వస్తుందా అమ్మా?" అన్నాను.

"పోయింది రాదు. ఉన్నది పోకుండా చూసుకోవాలి. ఈ చుక్కలు జీవితాంతం వేయాలి, ఒక్క పూట కూడా మానొద్దు. ఇక సైకిల్ తొక్కకూడదు."

"పని?" అన్నారు ఆయన. ఆస్పత్రిలో ఆయన అడిగింది ఆ ఒక్క మాటే.

"టేబుల్ మీద పనేగా. చేసుకోండి."

బయటికొచ్చాక ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. "షాపులో తెలిస్తే?" అన్నారు. కత్తెర పట్టిన చేతికి చూపు తగ్గిందంటే ఎంత చూపు తగ్గిందని ఎవరూ అడగరు. మంచి కోటు గుడ్డ ఆయన చేతికి ఇవ్వరు. అది నాకూ తెలుసు. దానికి నేను చెప్పగలిగిన ధైర్యం ఏదీ లేదు. నా దగ్గర ధైర్యం ఉంటే గదా.

అప్పట్నుంచి మా ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. పొద్దున్నే ముగ్గురం బయల్దేరేవాళ్లం. ఆయన సైకిల్‌ను నడిపించుకుంటూ, దాని మీద అమ్మాయి సంచీ, నా కాజాల మూటా పెట్టుకుని. నేనో అమ్మాయో ఎడమ పక్క. వెనక టైరు, మేమే గాలి తీసేయగా, చదునుగా. ఎవరైనా ఎదురై, "ఏం మాస్టరూ, సైకిల్ మిమ్మల్ని మోయాలా, మీరు దాన్ని మోయాలా?" అంటే ఆయన నవ్వేవారు.

"టైరు పోయిందండీ. అతుకేయించాలా, కొత్తది కొనాలా అని చూస్తున్నా."

మొదట్లో బాగానే జరిగింది. రోజులు గడిచేకొద్దీ జనానికి నవ్వు ముదిరింది. షాపు యజమాని కూడా, "మాస్టరూ, ఒక టైరు గురించి ఇంత ఆలోచించేవాడివి, నా కోట్లు ఎలా కత్తిరిస్తున్నావయ్యా?" అన్నాడట. అది విన్న రోజు ఆయన ఇంటికొచ్చి టీ కూడా తాగకుండా కూర్చున్నారు. మర్నాడు వెళ్లి యజమానికి ఉన్నదున్నట్టు చెప్పేశారు, నాకు ముందు చెప్పకుండానే. చెబితే నేను వద్దంటానని.

యజమాని బల్ల మీది గుడ్డ చూపించి, "ఈ గీత కనబడుతోందా?" అన్నాడట. "కనబడుతోంది" అన్నారట ఈయన. "అయితే కత్తిరించు. ఖాతాదారుల ముందు మాత్రం ఈ మాట ఎత్తకు" అన్నాడట. అంతే జరిగింది. దాని వెనక ఇంకేదో ఉంటుందని నేను ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

మిగిలింది అమ్మాయి బడి. నడకతో రోజూ ఆలస్యమే. ఆలస్యమైన వాళ్లను గేటు బయట నిలబెడతారు. వానలో గొడుగు కింద అది అలా నిలబడి ఉండగా నేను రెండుసార్లు చూశాను. ఒక సాయంత్రం అది సైకిల్ దగ్గర గొంతుకూర్చుని టైరు మీద పాత కుట్లను గోటితో గీకుతూ అంది:

"అమ్మా, సైకిల్ నేను తొక్కుతా."

"నోర్ముయ్."

"నాకు వచ్చమ్మా. బాబాయ్ షాపు వెనక ఖాళీ స్థలంలో నేర్చుకున్నా."

"ఎప్పుడు నేర్చుకున్నావే? ఎవరినడిగి?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంటావా?"

నేను మొదలుపెట్టాను. లారీలు, గోడౌన్ల వీధి, బురద, బ్రేకులు, దాని వయసు. ఏ రోడ్డు మీద ఏ పిల్ల పడిందో, ఎవరి చేయి విరిగిందో, ఎవరికి కుట్లు పడ్డాయో. అది అంతా విన్నది. ఆ మధ్య నుంచీ దానికి మాటలు తగ్గాయి. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, మెల్లగా అంది:

"అమ్మా, నాకు కుడీ ఎడమా రెండూ కనబడతాయి."

అమ్మాయి తను అన్నదేమిటో అప్పుడు తెలుసుకుని తండ్రి వైపు చూసింది, దాని మొహం పాలిపోయింది. ముందు నవ్వింది ఆయనే. పెద్దగా కాదు. ముక్కుతో.

"నిజమే గదే. ఇన్నాళ్లూ నడిపింది అదే. నేను తొక్కానంతే."

ఆ మాట నా మనసులో కొన్నాళ్లు తిరిగింది. కాజాలు కుడుతూ ఆలోచించాను. ఆలోచించడమంటే భయపడటమే, నాకు ఆ రెంటికీ తేడా తెలీదు. భయపడీ భయపడీ ఒక పొద్దున అలసిపోయాను. ఇంతకంటే వేరే కారణం చెబితే అబద్ధమవుతుంది. సైకిల్‌ను తోసుకుంటూ బాబాయ్ షాపుకు వెళ్లాను.

"ఏం తల్లీ, తేలిందా చివరికి?" అన్నాడు.

"తేలింది. కొత్తది వెయ్యి బాబాయ్. ట్యూబు కూడా."

బాబాయ్ పాతది విప్పాడు. అందులోంచి లోపలి ముక్క ఊడి కింద పడింది. కొత్త టైరు రిమ్ముకు ఎక్కించి, పక్కలు సమంగా కూర్చున్నాయో లేదో వేళ్లతో నొక్కి, గాలి కొట్టాడు. చక్రం ఎత్తి తిప్పితే ఏ శబ్దమూ లేకుండా తిరిగింది.

"బ్రేకు రబ్బర్లు కూడా మార్చు. గంట బాగా మోగాలి. ఇంకా..." సీటు మీద దుమ్ము కొంగుతో తుడిచాను. "సీటు కిందికి దించు బాబాయ్."

బాబాయ్ స్పానరు తీసుకున్నవాడల్లా నా వైపు చూశాడు. "ఎంత దించమంటావ్?" అన్నాడు.

నా భుజం దగ్గర చేయి పెట్టి అమ్మాయి ఎత్తు చూపించాను. అంతకు ముందు సారి కొలిచినప్పుడు ఇంకా కిందే ఉండేది.

మర్నాడు పొద్దున వాన లేదు గానీ మబ్బు వదల్లేదు. అమ్మాయి సంచీ క్యారియర్ మీద పెట్టి, తాడుతో రెండు చుట్లు చుట్టి, ముడి సరిపోలేదని నేను మళ్లీ విప్పి కట్టాను. గంట మోగించి చూడమన్నాను. బ్రేకు పట్టి చూడమన్నాను. గోడౌన్ల వీధి దగ్గర దిగి నడవమన్నాను. దిగనని దానికీ నాకూ తెలుసు.

"వెళ్లనా?" అంది.

ఆయన తల ఊపారు. నేను ఊపానో లేదో తెలీదు. అది ఎక్కింది, కాస్త వంకరపోయింది, సర్దుకుంది, వెళ్లింది.

వీధి మా ఇంటి ముందు నుంచి నేరుగా చాలా దూరం పోతుంది. నాకు దగ్గరి పనికి కళ్లజోడు కావాలి, దూరానికి ఆ జోడు పనికిరాదు. తీస్తే మసక, పెడితే ఇంకా మసక. నీలం రంగు ఏదో కదులుతున్నట్టు ఉంది, అంతే.

"కనబడుతోందా?" అన్నాను.

"ఆ."

"ఎక్కడుంది?"

"గాలిబాబాయ్ షాపు దాటింది. ఎవరో ఆవిడ అడ్డం వస్తే ఆగింది. కాలు కింద పెట్టింది. మళ్లీ ఎక్కింది." ఆయన మెడ కదల్చకుండా, సూదిలో దారం ఎక్కించేటప్పటిలా, నేరుగా చూస్తున్నారు. "మలుపు దగ్గరికెళ్లింది. చేయి చాపింది. తిరిగింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? మలుపు తిరిగాక నాకూ కనబడదు, నీకూ కనబడదు."

ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం. పైన ఉరిమింది. లోపల్నుంచి అత్తయ్య కేకేసింది, తలుపు వేసుకోండర్రా, జల్లు మంచం మీదికి కొడుతుంది అని. వాన ఇంకా మొదలు కాలేదు. నేను తలుపు వేయలేదు.